పెట్టె మంచం

"లోపల్నుంచి తెరుచుకుంటదా ఇది?" అని అడిగింది ప్రగతి.

మంచం మూతను ఒక్క వేలితో లేపి చూపిస్తున్న ఫర్నిచర్ షాపు కృష్ణయ్య ఆగిపోయాడు. తర్వాత నవ్వాడు.

"లోపల ఎవరు పంటరమ్మా? పండేది మీద గదా!"

పక్కనున్న ప్రమీలమ్మ కూడా నవ్వింది. "మా కోడలు గిట్లనే కృష్ణయ్యా. ఫ్రిజ్ కొన్నప్పుడు, డోర్ మూస్తే లోపల లైటు ఆరుతదని ఏం గ్యారంటీ అని అడిగింది."

షాపులో పనివాళ్లు కూడా నవ్వారు. ప్రగతి నవ్వలేదు. ఆమె మంచం లోపలికి చూస్తోంది. గులాబీ రంగు మూత, తలవైపు చెక్కమీద సీతాకోకచిలుకలు. మూత పైకి లేచి నిలబడితే కింద ప్లైవుడ్ గుంత. ఆరేళ్ల పిల్ల కాళ్లు చాపుకుని పడుకుంటే సరిపోయేంత గుంత. మేఘ అప్పటికే అంచు మీద పొట్ట ఆనించి, తల లోపలికి వంచి "హూ" అని అరిచి, తన గొంతు ఎలా వస్తుందో విని మురిసిపోతోంది.

ప్రగతి కూతుర్ని రెక్క పట్టి వెనక్కి లాగింది.

"గా మూలకున్న నాలుగు కాళ్ల మంచం మంచిగున్నది అత్తమ్మా. టేకు."

"కాళ్ల మంచం కింద ఏముంటది? దుమ్ము. కొత్తిల్లు కట్టిండు నీ మొగడు, ఒక్క అటక పెట్టలే. బొంతలు, చెద్దర్లు ఏడ పెట్టమంటవు? రేపు ఎలక్షన్లు మొదలైతే ఇంటినిండ మనుషులే."

"నానమ్మా, నాకు పింక్‌దే!" అంది మేఘ.

ఫోన్ మాట్లాడుతూ షాపు బయట తిరుగుతున్న శశిధర్ లోపలికి వచ్చాడు. చిన్న మంగళారం సర్పంచ్‌గా నిలబడాలని నిర్ణయించుకున్నప్పటి నుంచి అతని చెవికి ఫోను అతుక్కుపోయింది. "ఏదో ఒకటి ఖాయం చెయ్యుండ్రి. చేవెళ్లల నాకు ఇంకో పనున్నది."

"మూత లోపల్నుంచి తెరుచుకోదట," అంది ప్రగతి.

"అల్మారా తెరుచుకుంటదా? డబ్బా తెరుచుకుంటదా?" అన్నాడు శశిధర్. "నీకు ఏది చూసినా భయమే."

కృష్ణయ్య మూతను కిందికి నొక్కి వదిలాడు. అది నిదానంగా దిగి, చివర్లో 'టప్' అని మూసుకుంది. ప్రగతి వంగి అంచు మీద గోరు పెట్టి చూసింది. గోరు దూరలేదు.

*

మంచం బిగించడానికి షాపు నుంచి ఫిట్టర్ వచ్చాడు. కింది అంతస్తులో మేఘ కోసం కట్టిన గది. పైన ఇంకా టైల్స్ పని నడుస్తోంది. కోసే మిషన్ తిరిగినప్పుడల్లా ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు.

ఫిట్టర్ రెండు వైపులా మూతను ఎత్తి నిలిపే నల్లటి రాడ్లు బిగించి, మూత మీద షాపువాళ్లిచ్చిన ఫోం పరుపు వేయబోయాడు.

"గది తియ్యి," అంది ప్రమీలమ్మ. "బాలమల్లూ, మన పరుపు తే."

బాలమల్లు ఆ ఇంటి ట్రాక్టర్ నడుపుతాడు. అతని భార్య జంగమ్మ ఇంటిపని చూస్తుంది. బోరు మోటారు పక్కన ఉన్న ఒంటిగదిలో వాళ్ల కాపురం. బాలమల్లు భుజాన వేసుకొచ్చిన పరుపు నేల మీద వేస్తే గది అదిరినట్టయింది. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ సొంత చేను పత్తితోనే పరుపు కుట్టిస్తారు. శశిధర్ అలాంటి పరుపు మీదే పెరిగాడు. మేఘ పరుపు కోసం ప్రమీలమ్మ నిరుడు పత్తి ఏరించి, ఏకించి, దగ్గర కూర్చుని మరీ దట్టంగా నింపించింది.

ఫిట్టర్ పరుపును చేత్తో ఒత్తి చూశాడు. "అవ్వా, గీ రాడ్లు ఫోం బరువుకు చేసినయ్. గింత బరువేస్తే మూత నిలవడదు."

"ఏస్కో నువ్వు."

వేశాడు. బాలమల్లు, ఫిట్టర్ కలిసి మూత లేపారు. పరుపు జారకుండా కట్టిన పట్టీలు బిగుసుకున్నాయి. వదిలిన మూత ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత కొంచెం కిందికి దిగింది. ఆ తర్వాత ఒక్కసారిగా పడింది. బాలమల్లు చెయ్యి లాక్కోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్లు మిగిలేవి కావు.

ప్రగతి అత్త చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, ఫోందే ఉండనీ."

"రోజూ ఎవరు తెరుస్తరు బిడ్డా? ఏడాదికి రెండుసార్లు తెరుస్తం. మా ఇంటి పిల్ల రబ్బరు మీద పంటదా?"

ఫోం పరుపు మేడ మీద గదికి వెళ్లింది. గుమ్మం దగ్గర మేఘ, జంగమ్మ కూతురు సమత నిలబడి చూస్తున్నారు. సమత మేఘ కంటే ఒక ఏడాది పెద్దది. ప్రగతి ఇద్దరి ముందూ గొంతుక్కూర్చుంది.

"దీని మూత ముట్టొద్దు. ఇద్దరికీ చెప్తున్న. ఇన్నరా?"

సమత తలూపి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మేఘ కళ్లు మాత్రం సీతాకోకచిలుకల మీద ఉన్నాయి.

*

కొత్త ప్లైవుడ్ వాసనకు మేఘ తుమ్ముతోందని, పరుపూ బొంతలూ ఎండకు వేయమంది ప్రమీలమ్మ. జంగమ్మ అన్నీ మేడ మీదికి చేరవేసింది. పెట్టె కూడా గాలికి ఆరాలని మూత తెరిచే ఉంచింది. మీద బరువు లేదు కాబట్టి మూత నిటారుగా నిలబడింది.

మధ్యాహ్నం దాటాక ప్రగతి వంటింట్లో పప్పు దించుతుంటే కిటికీలో వెలుతురు మాయమైంది. వికారాబాద్ వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"పరుపు తడుస్తది! పరుగెత్తుండ్రి!" అని వరండాలోంచి అరిచింది ప్రమీలమ్మ. పత్తి పరుపు ఒకసారి తడిస్తే ఇక గడ్డలు కట్టి పాడైపోతుంది.

ప్రగతి, జంగమ్మ మేడ మెట్లు ఎక్కారు. టైల్స్ మిషన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. చెరో కొస పట్టుకుని పరుపును మెట్ల మీదుగా దించి గదిలోకి తెచ్చారు. మంచం మూత తెరిచే ఉంది. పెట్టెలో ఒక మూలన పాత చెద్దరు కుప్పగా పడి ఉంది. జంగమ్మ మరిచిపోయిందేమో అనుకుంది ప్రగతి. మూతను కిందికి ఒత్తింది. రాడ్లు ఎదురు తన్నాయి. మోకాలు ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. 'టప్' మంది.

ఇద్దరూ పరుపు ఎత్తి మూత మీద వేసి, పట్టీలు బిగించారు. ప్రగతి దుప్పటి పరిచి, చేత్తో ముడతలు సాపు చేసింది. చినుకులు మొదలయ్యాయి. బొంతల కోసం జంగమ్మ మళ్లీ మేడ మీదికి ఉరికింది.

వాన జోరుగా కురిసి, తగ్గి, మళ్లీ మొదలైంది. ప్రగతి అన్నం వార్చి, గిన్నెలు సర్ది, చేతులు తుడుచుకుంటుంటే వంటింటి గుమ్మంలో సమత నిలబడి ఉంది. గౌను తడిసి ఒంటికి అంటుకుంది.

"చిన్నమ్మా, మేఘ దొరుకుతలేదు."

"అంటే?"

"దాగుడుమూతలు ఆడుతున్నం. నేను కండ్లు మూసుకున్న. అంత దేవులాడిన. ఏడ లేదు."

ప్రగతికి ముందు గుర్తొచ్చింది నీళ్ల సంపు. వాకిట్లోకి పరుగెత్తింది. సంపు మీద సిమెంటు మూత పక్కకి జరిగి ఉంది. టైల్స్ వాళ్లు నీళ్లు తోడుకుని సరిగా మూయలేదు. లోపల నల్లటి నీళ్లమీద చినుకులు గుండ్రాలు చుడుతున్నాయి.

"బాలమల్లూ!"

ఆమె అరుపు ఆమెకే కొత్తగా వినిపించింది. బాలమల్లు చొక్కాతోనే సంపులోకి దిగాడు. ఛాతీ లోతు నీళ్లు. పాదాలతో అడుగంతా తడుముతూ మూల మూలకీ వెళ్లాడు. ఒకచోట ఆగాడు. ప్రగతి సంపు అంచు పట్టుకుని కింద కూలబడింది. బాలమల్లు మునిగి, చేత్తో ఏదో తీశాడు. ప్లాస్టిక్ బకెట్.

"లేదు చిన్నమ్మా. పొల్ల ఈడ లేదు."

ఫోన్ అందుకున్న శశిధర్ మొయినాబాద్ నుంచి ఊడిపడ్డాడు. వెనక రెండు బండ్ల మీద మనుషులు. రోడ్డు మీద తెల్ల వ్యాను ఒకటి మెల్లగా పోతుంటే చూశామని ఎవరో అన్నారు. ఏ తెల్ల వ్యాను అని ఎవరూ అడగలేదు. బండ్లు ఎంకపల్లి దారిలో ఉరికాయి. ప్రమీలమ్మ వరండా స్తంభం పట్టుకుని ఏడుస్తోంది.

"ఇంట్లకే ఉరికింది," అంటోంది సమత, వినేవాళ్లు లేకపోయినా. "చెప్పుల సప్పుడు ఇంట్లకే పోయింది."

ఆ మాట ప్రగతి విన్నది.

మేఘ గదిలోకి వచ్చింది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా ఉంది. కుర్చీలో జంగమ్మ తెచ్చిన బొంతలు మడత పెట్టి ఉన్నాయి.

"జంగమ్మా, పెట్టెల చెద్దరు ఎందుకు ఇడిసినవు?"

జంగమ్మ అయోమయంగా చూసింది. "నేనేం ఇడువలే చిన్నమ్మా. పెట్టె ఉత్తగ చేసిన. చెద్దరు గా కుర్చీ మీదనే పెట్టిన."

కుర్చీ మీద చెద్దరు లేదు.

పట్టీలు విప్పే ఓపిక ఎవరికీ లేదు. ఇద్దరూ మూత ముందున్న పిడికి వేళ్లు తగిలించి పరుపుతో సహా లేపబోయారు. లేచి, మళ్లీ పడింది. ప్రగతి మూత కింద భుజం పెట్టింది. రెండోసారి లేచినప్పుడు సమత ఎక్కడి నుంచో చీపురు కర్ర తెచ్చి సందులో అడ్డం దూర్చింది.

మేఘ మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. జుట్టు చెమటకి తడిసి ముఖానికి అంటుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ అవి దేన్నీ చూడటం లేదు. ప్రగతి చంకల కింద చేతులు వేసి బయటికి లాగి, ముఖం మీద ఊదింది. పిల్ల ఒక్కసారి ఎగశ్వాస తీసింది. తర్వాత దగ్గింది.

చాలాసేపటికి మాట వచ్చింది. గొంతు బొంగురుపోయి, ముసలామె గొంతులా ఉంది.

"నేను పిలిచిన మమ్మీ. నువ్వు పరుపు వేస్తుంటే పిలిచిన."

*

మొయినాబాద్ దవాఖానలో డాక్టర్ చూసి ప్రాణానికి ఫికర్ లేదన్నాడు. వేళ్లకి మందు రాసి పంపాడు. రెండు గోళ్లు విరిగాయి.

ఇంటికి వచ్చాక ప్రమీలమ్మ ఏడుపు కోపంగా మారింది. జంగమ్మను వాకిట్లో నిలబెట్టింది.

"మూత తెరిచిపెట్టి పోతవానే? నీకు తెలివున్నదా? నీ బిడ్డనే అండ్ల దాగమని చెప్పుంటది."

"నేను చెప్పలే," అంది సమత.

బాలమల్లు కూతురి చెంప మీద కొట్టాడు. "పటేలమ్మకు ఎదురు మాట్లాడుతవా?"

ప్రగతి వరండాలో మేఘను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నోరు తెరిచింది. మూత తెరిచింది జంగమ్మ, మూసింది నేను. ఈ మాటలు నాలుక మీదే ఉన్నాయి. మోకాలి కింద మూత దిగిన సంగతి ఆమె మోకాలికి ఇంకా గుర్తుంది. కానీ మేఘ ఆమె మెడ చుట్టూ చేతులు బిగించింది. ఆమె ఆ చేతులు సవరిస్తుండగా జంగమ్మ కూతుర్ని లాక్కుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ప్రమీలమ్మ తేల్చేసింది. "ఆ మంచం నా గడప లోపల ఉండొద్దు. బిడ్డ పానం మీదికి తెచ్చింది."

బిగించిన మంచం వాపసు తీసుకోనన్నాడు కృష్ణయ్య. శశిధర్ ముందుగదిలో అటూ ఇటూ తిరిగాడు. సోఫాలో ఎంకపల్లి మల్లప్ప కూర్చుని ఉన్నాడు. శశిధర్ ఫొటోలు, వీడియోలు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే పని అతనిది.

"బాలమల్లుకు ఇచ్చేద్దాం," అన్నాడు శశిధర్. "వాళ్లింట్ల మంచమే లేదు."

మల్లప్ప నిటారుగా కూర్చున్నాడు. "అన్నా, సూపర్! పనిమనిషి బిడ్డకు పటేలు తన బిడ్డ మంచం ఇచ్చిండు. ఫొటో పడితే రెండు వాడల ఓట్లు మనయే."

బాలమల్లును పిలిచి చెప్పారు. అతను నేల చూశాడు. "వద్దు పటేలా. మా రూముల జాగ లేదు."

"జాగ చేసుకో."

గుమ్మం బయట నుంచి జంగమ్మ అంది, "మా పొల్ల దాన్ని చూస్తెనే వణుకుతున్నది పటేలా."

"ఉత్తగ ఇస్తున్నా వద్దంటరా? పది మందిల నా ఇజ్జత్ తీస్తరా?"

ప్రమీలమ్మ లోపల్నుంచి, "పరుపు గూడ తీస్కపోనీరా. నిండు మనసుతోని ఇయ్యాలె," అంది.

ప్రగతి భర్తను వంటింట్లోకి పిలిచింది. "మూత ఊడగొట్టి ఇయ్యుండ్రి."

"మూత లేకుంటే అది మంచమెట్లయితది? ఫొటోల ఎట్లుంటది?"

"మన పిల్లకు పనికిరానిది వాళ్ల పిల్లకెట్ల పనికొస్తది?"

శశిధర్ ఫోన్ చూసుకుంటూ అన్నాడు, "వాళ్ల పిల్ల గట్టిది."

అతను ఆ మాట కావాలని అనలేదని ప్రగతికి తెలుసు. ఆలోచించకుండానే అన్నాడు. అందుకే ఆమెకు అంత భయం వేసింది.

*

సాయంత్రం ట్రాక్టర్ ట్రాలీలో మంచాన్ని మోటారు పక్కకు చేర్చారు. గదిలో పట్టాలంటే పొయ్యి జరపాలి, బియ్యం డబ్బాలు బయట పెట్టాలి. ముందు ఫొటో కానివ్వమన్నాడు మల్లప్ప. మంచం గది ముందు ఆరుబయటే ఉంది. మీద పత్తి పరుపు. చిలుకపచ్చ దుప్పటి ఒకటి మల్లప్పే తెచ్చి పరిచాడు.

"సమతా, ఎక్కి కూసో బిడ్డా. జర నవ్వు," అన్నాడు శశిధర్.

సమత తల్లి చీర కొంగు వెనక నుంచి కదల్లేదు.

"ఏం పొల్లనే ఇది! బెడ్డు మీద ఎక్కమంటే బావిల దూకమన్నట్టు చేస్తది," అన్నాడు మల్లప్ప, వీడియో ఆన్ చేసి. జంగమ్మ కూతురి రెక్క పట్టుకుని ముందుకు తోసింది.

వరండాలో మేఘ నానమ్మ పక్కన కూర్చుని చూస్తోంది. ప్రగతి మెట్లు దిగి, వాకిలి దాటి, మంచం దగ్గరికి వచ్చింది.

"బాలమల్లూ, జర మూత లేపు."

"ఎందుకు?" అన్నాడు శశిధర్.

బాలమల్లు మూత లేపి, రెండు చేతులతో ఆపి పట్టుకున్నాడు. ప్రగతి చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్లు పట్టుకుని, పెట్టెలోకి దిగి, కాళ్లు ముడుచుకుని పడుకుంది.

"ప్రగతీ! పిచ్చా? లే!"

"సమత పంటే పిచ్చి కాదు గద. ఇడువు బాలమల్లూ."

బాలమల్లు వదల్లేదు. ప్రగతి చెయ్యి చాపి మూత అంచు పట్టుకుని లాగింది. అంత బరువు కదిలాక అతని చేతుల్లో ఆగలేదు.

'టప్'.

కాసేపు ఓర్చుకుని, తర్వాత పిలవాలని అనుకుంది. మూత పడిన మరుక్షణమే ఆ ఆలోచన పోయింది. చీకటి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. జిగురు వాసన గొంతులో పట్టుకుంది. ఊపిరి ముఖానికే తిరిగి వస్తోంది, వేడిగా. మోకాళ్లు కదిపితే పైన చెక్క. చేతులు ఎత్తింది. అరచేతులకి గీతలు తగిలాయి. పొట్టి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకే చోట. వాటి మీద వేళ్లు పెట్టి చూసింది. మేఘ గోళ్లు.

"తెరువుండ్రి!"

పైన ఎవరో నవ్వినట్టుంది. ఎక్కడో దూరంగా, పక్క ఊళ్లో నవ్వినట్టు. ఆమె గుద్దింది. పత్తి ఆ చప్పుడు మింగేసింది. మళ్లీ గుద్దింది. ఇప్పుడు పిలవడం లేదు, అరుస్తోంది. సన్నటి వెలుతురు గీత కనిపించి, మళ్లీ మాయమైంది. మూత జారింది. ఇంకోసారి గీత వచ్చింది, వెడల్పయింది. ఆకాశం వచ్చింది.

మూతకు ఒకవైపు బాలమల్లు, ఇంకోవైపు శశిధర్. శశిధర్ ముఖం పాలిపోయి ఉంది. భార్య చెయ్యి పట్టుకుని బయటికి లాగుతున్నప్పుడు అతని వేళ్లు చల్లగా తగిలాయి.

"పిలిచిన," అంది ప్రగతి. ఊపిరి అందడం లేదు. "వినవడ్డదా?"

శశిధర్ తల అడ్డంగా ఊపాడు.

"నేను అరిచిన. మీరు గింత దగ్గర ఉన్నరు."

"వినవళ్లే."

ప్రమీలమ్మ మేఘను ఎత్తుకుని పరుగున వచ్చింది. ప్రగతి మంచం అంచు పట్టుకుని నిలబడింది. జంగమ్మ వైపు తిరిగింది కానీ అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఆ దినం మూత తెరిచి పెట్టింది జంగమ్మ. మూసింది నేను అత్తమ్మా. మోకాలు పెట్టి మూసిన. మీద పరుపేసి దుప్పటి గూడ సాపు చేసిన. సమత, చెప్పుల సప్పుడు ఇంట్లకు పోయిందని చెప్పకుంటే, ఇంక ఎంకపల్లి దారిలనే వెతుకుతుంటిమి."

మల్లప్ప ఫోన్ ఇంకా పైకే ఉంది.

"బంద్ చెయ్యి," అన్నాడు శశిధర్, అతని వైపు చూడకుండా.

ప్రమీలమ్మ మనవరాలిని దింపింది. మంచం దగ్గరికి వచ్చి, తను దగ్గర కూర్చుని నింపించిన పరుపును ఒకసారి చేత్తో ఒత్తింది. పట్టీలు విప్పింది. ఒక కొస పట్టుకుని లాగితే కదల్లేదు. జంగమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని నేల మీదికి దించారు.

"బాలమల్లూ, గొడ్డలి తే," అంది ప్రమీలమ్మ.

బాలమల్లు పటేలు వైపు చూశాడు. శశిధర్ అవునని అనలేదు. రెండు అడుగులు పక్కకి జరిగాడు.

మొదటి దెబ్బ సీతాకోకచిలుకల మీద పడింది. సమత తల్లి కొంగు వదిలి, మేఘ పక్కకి వచ్చి నిలబడింది.

*

చేవెళ్లలో కృష్ణయ్య అత్తాకోడళ్లని చూసి కొంచెం ఇబ్బంది పడ్డాడు. ప్రగతి నేరుగా మూలకి వెళ్లింది. నాలుగు కాళ్ల టేకు మంచం అక్కడే ఉంది.

"ఇట్లాంటిదే ఇంకోటి ఉన్నదా?"

"ఉన్నదమ్మా, గోదాముల. ఇద్దరు పిల్లలా?"

"ఇద్దరు," అంది ప్రమీలమ్మ. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, మంచం కిందికి తొంగి చూసింది. అవతలి గోడ దాకా ఖాళీ నేల. "అంతా కనవడుతున్నది," అనుకుంది తనలో తనే.

కృష్ణయ్య గోదాము మనిషికి చెప్పి, ముందువైపు ఉన్న బేరం దగ్గరికి తిరిగి వెళ్లాడు. అక్కడ ఒకావిడ నాలుగేళ్ల కొడుకుతో నిలబడి ఉంది. మొయినాబాద్ దగ్గర కొత్తగా కట్టిన విల్లాల్లో ఉంటారట. వాళ్ల ముందు నీలం రంగు పెట్టె మంచం, మూత మీద కార్ల బొమ్మలు.

"ఒక్క వేలితో లేపొచ్చు మేడమ్," అంటున్నాడు కృష్ణయ్య, వేలితో లేపి చూపిస్తూ.

"భలే ఉందే! ఉజ్వల్, చూశావా? నీ బొమ్మలన్నీ ఇందులో పట్టేస్తాయి."

పిల్లవాడు అప్పటికే అంచు మీద పొట్ట ఆనించి, తల లోపలికి వంచాడు.

ప్రగతి అక్కడికి వచ్చింది. "లోపల్నుంచి తెరుచుకోదు," అంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. "మీకెలా తెలుసండీ?"

"లోపల పండి చూసిన."

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కొడుకుని నడుము పట్టి ఎత్తి చంకన వేసుకుంది. కృష్ణయ్య మూత కింద నుంచి వేలు తీసేశాడు.